కంచె వేసిన చేలే పోయినాయంట

బైరెడ్డిపల్లెకు అవతల, అడవిని ఆనుకుని ఒక పల్లె. పేరెందుకులెండి, కథే గదా. కౌండిన్య అడవుల నుంచి ఏనుగులు దిగడం ఆ పక్క కొత్త కాదు. రాగి కంకి పాలు పోసుకునే వేళకు గుంపు వచ్చిందంటే తెల్లారేసరికి చేను చదును. ఆ ఊళ్లో వంద సేద్యపు కుటుంబాలు. సోలార్ కంచెలు వచ్చాక ఎనభై మంది వేయించుకున్నారు. ఇరవై మంది వేయించుకోలేదు. కొందరికి డబ్బుల్లేక, కొందరికి నమ్మకం లేక.

ఆ కార్తీకంలో ఏనుగులు దిగాయి. వారం తిరిగేసరికి టీ అంగడి కాడ లెక్క తేలింది. నష్టపోయిన చేలు పదిహేను. అందులో కంచె ఉన్నవి ఎనిమిది, లేనివి ఏడు.

"చూస్తిరా? కంచె ఏసిన చేలే జాస్తిగా పోయినాయి. ఆ తీగలకు పెట్టిన దుడ్డుతో ఒక ఆవునైనా కొనుండొచ్చు" అన్నాడు కంచె వేయించని పెద్దరైతు. పక్కనే కూర్చున్న ఇంకో రైతు తల ఊపాడు. ఆయన కడుపుమంట ఆయనది. ఏనుగు ఎక్కడి నుంచో ఎండుమాను ఒకటి తొండంతో ఈడ్చుకొచ్చి తీగ మీద పడేసి, దాని మీదే కాలుపెట్టి లోపలికొచ్చింది. కంచె వేయించి కూడా చేను పోగొట్టుకున్న మనిషికి ఏమని చెప్తాం? సాయంత్రానికి ఇద్దరు ముగ్గురు కంచె పీకి అమ్మేద్దామనే దాకా వచ్చారు.

పాలకేంద్రంలో లెక్కలు రాసే అమ్మాయి ఆ మాటలు వింది. ఆమె నోటు పుస్తకంలో ఊరి ఇళ్లన్నీ ఉంటాయి.

"మామా, కంచె ఏసినోళ్లు ఎంతమంది?"

"ఎనభై."

"ఏయనోళ్లు?"

"ఇరవై."

"ఎనభైలో ఎనిమిదంటే పదింటికి ఒకటి. ఇరవైలో ఏడంటే మూడింటికి ఒకటి కంటే ఎక్కువే. నువ్వు పోయిన చేలనే లెక్కబెట్టినావు. చేను నిలిచినోడు ఈడికొచ్చి ఏడవడు కదా మామా."

పెద్దరైతు అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు. "సరే పాపా, ఏనుగు లోపలికొచ్చినాక కంచె ఏం పీకింది?"

అమ్మాయి పుస్తకం తిప్పింది. ఏనుగు జొరబడిన ఎనిమిది కంచె చేలల్లో పైరు మొత్తం పోయింది రెండింట్లో. తక్కిన ఆరింట్లో ఓ మూల తొక్కి వెళ్లిపోయాయి. కంచె లేని ఏడింట్లో అయిదు మొత్తం పోయాయి. కంచె ఉండి కూడా మొత్తం పోయిన ఆ రెండూ ఎక్కడివో కూడా చెప్పింది. అడవి గట్టున, ఏనుగులు చెరువుకు దిగే దోవలో ఉన్నవి. అందరికంటే ముందు కంచె వేయించుకున్నదీ ఆ చేలవాళ్లే. భయం వాళ్లకే ఎక్కువ మరి.

పెద్దరైతు టీ డబ్బులిచ్చి లేచాడు. తర్వాత కంచె వేయించాడో లేదో కథలో లేదు.

నీతి: పోయినవాళ్లనే లెక్కపెడితే కాపాడినదే దోషిగా కనబడుతుంది.

2021 ఎండాకాలంలో, కరోనా రెండో అల నడుస్తుండగా, ఈ టీ అంగడి మాట దేశమంతా వినబడింది: "రెండు డోసులు ఏసుకున్నాయన కూడా పోయినాడంట." మాట అబద్ధం కాదు. ఆ అలలో ఓ నెల రోజుల్లో తమిళనాడు పోలీసుల్లో 31 మంది కరోనాతో చనిపోతే, వాళ్లలో 11 మంది కనీసం ఒక డోసు వేసుకున్నవాళ్లే. మూడోవంతు! ఇప్పుడు పుస్తకం తెరవండి. మొత్తం పోలీసులు 1,17,524 మంది. ఒక్క డోసూ వేసుకోని 17,059 మందిలో చనిపోయింది 20 మంది. ఒక డోసు వేసుకున్న 32,792 మందిలో ఏడుగురు. రెండూ వేసుకున్న 67,673 మందిలో నలుగురు. అంటే వెయ్యి మందికి 1.17, 0.21, 0.06. పోలీసులంటే పనిచేసే వయసువాళ్లు కాబట్టి ఈ అంకెలు ఇంట్లోని తాతకు ఉన్నవి ఉన్నట్టు అతకవు, అది వేరే సంగతి.

పెద్దరైతు రెండో ప్రశ్న ఇంకా గట్టిది: ఆసుపత్రిలో చేరినాక టీకా ఏం చేసింది? మూడో అలలో ఆసుపత్రుల్లో చేరినవాళ్ల లెక్కను ఐసీఎంఆర్ 2022 ఫిబ్రవరిలో బయటపెట్టింది. టీకా వేసుకుని చేరినవాళ్లలో చనిపోయింది సుమారు 10 శాతం, వేసుకోకుండా చేరినవాళ్లలో దాదాపు 22 శాతం. టీకా వేసుకుని కూడా చనిపోయినవాళ్లలో పదికి తొమ్మిది మందికి అప్పటికే వేరే జబ్బులున్నాయి. వాళ్లవి చెరువు దోవలోని చేలు. 60 దాటినవాళ్లకు, షుగరో గుండెజబ్బో ఉన్న నడివయసువాళ్లకు మామూలు జనంలో మొదట టీకా వేసిందీ అందుకే. పైగా టీకా పుణ్యమా అని అసలు ఆసుపత్రి గడపే తొక్కనివాళ్లు ఈ 10, 22 లెక్కలో ఎక్కడా కనబడరు. అసలు మేలంతా అక్కడుంది. వార్డు రిజిస్టరుకు ఆ సంగతి తెలియదు.

ఇల్లిల్లూ రాసుకునే ఈ పద్ధతి మనకు కొత్తేమీ కాదు. మదనపల్లె ఆరోగ్యవరం శానిటోరియంలో పనిచేసిన డాక్టర్ ఫ్రిమోట్-మోలర్ బృందం 1950ల్లో చుట్టుపక్కల పల్లెల్లో క్షయకు బీసీజీ టీకాను పరీక్షించి, ఏళ్ల తరబడి వెంటబడి చూసింది. 1973లో అచ్చయిన లెక్క ఇది: టీకా వేసుకున్న 5,069 మందిలో 33 మందికి క్షయ వచ్చింది, వేసుకోని 5,808 మందిలో 47 మందికి. వెయ్యికి 6.5, 8.1. తేడా చిన్నదే, దాన్ని పెద్దది చేసి చెప్పుకోనక్కర్లేదు. ఆ తర్వాత తమిళనాడు చెంగల్పట్టులో జరిగిన మరీ పెద్ద పరీక్షలో, పెద్దవాళ్ల ఊపిరితిత్తుల క్షయను బీసీజీ ఆపలేదనే తేలింది. అయినా పుట్టిన బిడ్డకు ఈరోజుకీ ఆ టీకా వేస్తున్నారంటే, పసిపిల్లల్లో మెదడుకు పాకే క్షయను అది చాలావరకు ఆపుతుందని ఇలాంటి లెక్కల్లోనే తేలింది గనక.