మూడేళ్ళ సడలింపు

బియ్యం ఏరుతుంటే ఎవరి వేళ్ళయినా రాళ్ళకోసం వెతుకుతాయి. మా రేగోడులో రంగూనమ్మ వేళ్ళు మాత్రం ఉన్నట్టుండి చాట అంచుమీద ఆగి టకటకా ఆడేవి. చివర బొటనవేలితో చిన్న దెబ్బ. చిన్నప్పుడు నాకదేదో జబ్బేమో అనిపించేది. ఆవిడ టైపు కొడుతోందని చాలా ఏళ్ళకి గాని తెలియలేదు.

శ్రీకాకుళం వైపునుంచి కూలికి వెళ్ళిన తాతగారి మనవరాలు. పుట్టింది రంగూన్‌లోనే. కోరంగి రేవునుంచి వచ్చినవాళ్ళని అక్కడ మన తెలుగువాళ్ళని 'కోరంగీలు' అనేవారట. ఆ పిలుపులో మర్యాద ఎంతో నేను వేరే చెప్పక్కర్లేదు. అయినా ఈవిడ టైపూ, షార్ట్‌హ్యాండూ నేర్చుకుని ఒక వర్తకుడి దగ్గర ఉద్యోగం సంపాదించింది. 1962లో బర్మాలో సైన్యం గద్దెనెక్కింది. 1964లో దుకాణాలు ప్రభుత్వపరమయ్యాయి. యాభై, వంద చాట్ల నోట్లు చెల్లవన్నారు. లక్షలమంది భారతీయులు ఓడలెక్కారు. ఈవిడా తమ్ముణ్ణి వెంటబెట్టుకుని విశాఖపట్నంలో దిగింది. అప్పటికామెకు ఇరవయ్యారేళ్ళు.

చెప్పొద్దూ, మన ప్రభుత్వం ఏమీ చెయ్యలేదనడానికి లేదు. 1963 జూన్ 1 తర్వాత బర్మానుంచి తిరిగివచ్చినవాళ్ళకి కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో వయసు మూడేళ్ళు సడలించింది. రంగూనమ్మ లెక్కలో అందులో రెండేళ్ళే మిగిలాయి. ఆ రెండేళ్ళూ ఎలా గడిచాయంటే, ఒక ఆఫీసులో రంగూన్ సర్టిఫికెట్ పనికిరాదు, మళ్ళీ లోయర్ పరీక్ష రాయమన్నారు. రాసింది, పదహారేళ్ళ పిల్లల పక్కన కూర్చుని. ఈలోగా తెలుగు రాయడం రాదన్నారు. నిజమే, ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా బళ్ళో చదివింది బర్మీస్, ఇంగ్లీషు. అదీ నేర్చుకుంది. అన్నీ చేతికొచ్చేసరికి వయసు దాటిపోయింది.

తర్వాత జాకెట్లు కుట్టింది. తమ్ముణ్ణి చదివించి పంతుల్ని చేసింది. అతని బదిలీలతోపాటు ఊళ్ళు తిరిగి తిరిగి మా ఊరొచ్చింది. నా పదో తరగతి ఇంగ్లీషు ఆవిడ పెట్టిన భిక్షే.

"బతికి బట్టకట్టింది, ఇంకేం కావాలి?" అనేది మా అమ్మ. అందులో తప్పేముంది అనుకునేదాన్ని నేనూ. ఒకసారి ఆవిడనే అడిగేశాను. చాట కిందపెట్టి అంది:

"అన్నం పెట్టినోళ్ళని ఏమీ అనకూడదు తల్లీ. కాని కడుపు నిండాక రేపేం చెయ్యాలా అని ఆలోచనొస్తాది కదా! అది మాత్రం మాకు రాకూడదంటారేటి?"

పెళ్ళయి, భర్త బదిలీల వెంట తిరుగుతూ డిగ్రీ కాగితాల్ని బీరువాలో చీరల కిందికి తోసిన మనలో చాలామందికి ఈ మాట ఎక్కడో తగలాలి. మనకీ "ఏం లోటు?" అనేవాళ్ళే ఎక్కువ. కాని మన ఊరు మనకుంది. రంగూనమ్మకైతే పౌరసత్వమన్నా ఉంది. హైదరాబాదు బాలాపూర్ గుడిసెల్లో ఉన్న రోహింగ్యాలూ అదే బర్మానుంచి వచ్చినవాళ్ళే. వాళ్ళకి అదీ లేదు. శరణార్థుల గురించి 1951లో జరిగిన అంతర్జాతీయ ఒప్పందం మీద మన దేశం సంతకం చెయ్యలేదు. ఐక్యరాజ్యసమితి ఇచ్చిన కార్డు చేతిలో ఉన్నా, చిత్తుకాగితాలు ఏరుకోవడం, కూలికి పోవడం, ఇంతే. వాళ్ళలో పాఠం చెప్పగలిగినవాళ్ళు లేరా? కుట్టుపనికన్నా పెద్ద ఊహ ఉన్న ఆడపిల్ల లేదా?

"మా పిల్లలకే ఉద్యోగాల్లేవు, వాళ్ళకెక్కడివి?" అంటారు మీరు. అది కొట్టిపారేసే మాట కాదు. మా రేగోడులోనే బీఎడ్ చదివి డీఎస్సీ కోసం ఎదురుచూసి ఎదురుచూసి జుట్టు నెరిసినవాళ్ళున్నారు. వరసలో వెనక నిలబడమనడం వేరు. అసలు నీకు వరసే లేదు, పెట్టింది తిని ఊరుకోమనడం వేరు. మొదటిది ఎంతవరకు న్యాయమో నేను తేల్చలేను. రెండోది మాత్రం నా మనసు ఒప్పుకోదు.

1991లో జనాభా లెక్కలకి ఒక మాస్టారు వాళ్ళింటికి వచ్చినప్పుడు నేనక్కడే ఉన్నాను. అక్కగారేం చేస్తారని అడిగితే, "ఏం లేదండీ, ఇంటిపనే" అన్నాడు తమ్ముడు.

"టైపిస్టని రాయండి" అంది రంగూనమ్మ వంటింట్లోంచి.

ఆయన కలం ఆపి, "ఏ ఆఫీసులోనమ్మా?" అన్నాడు.

కాసేపు ఏ చప్పుడూ లేదు. ఆ తర్వాత చాటలో బియ్యం కదిలిన చప్పుడైంది.