మాట ముగిశాక మిగిలే ధ్వని

పలికిన శబ్దం ఎక్కడ ముగుస్తుందన్న ప్రశ్న భారతీయ దర్శనాలలో చాలా పాతది. శబ్దం ఆకాశగుణమనీ, అనిత్యమనీ నమ్మిన నైయాయికులు, ఒక శబ్దం మరొకదానిని పుట్టించి తాను నశిస్తుందనీ, ఆ వరుసలో చివరిది చెవిని చేరినప్పుడే వినికిడి కలుగుతుందనీ చెప్పి, దానిని వీచీతరంగ న్యాయమన్నారు. మీమాంసకులు మాత్రం వర్ణాలు నిత్యమనీ, నోటి ధ్వని వాటిని వ్యక్తం చేస్తుందే తప్ప పుట్టించదనీ వాదించారు. వాక్యపదీయంలో భర్తృహరి ధ్వనినే రెండుగా విడదీశాడు: పదాన్ని తొలిసారి స్ఫురింపజేసేది ప్రాకృత ధ్వని, ఆ స్ఫురణ కలిగాక ప్రతీతిని కొనసాగించేది వైకృత ధ్వని.

రికార్డింగ్ స్టూడియోలో గాత్రానికి రివర్బ్ జతచేసే మిక్సింగ్ ఇంజనీరు తేల్చవలసింది సరిగ్గా ఈ సరిహద్దునే. గోడల నుంచి తిరిగివచ్చిన ధ్వని క్రమంగా అణగిపోయే భాగం రివర్బ్ టెయిల్. దాని తీవ్రత 60 డెసిబెల్‌లు, అంటే పది లక్షలలో ఒక వంతుకు, పడిపోవడానికి పట్టే కాలమే దాని కొలత. అసలు గాత్రానికీ ఆ ప్రతిధ్వనుల రాకకూ నడుమ ఉంచే విరామం ప్రీడిలే. 7 మీటర్ల దూరంలోని గోడను తాకి తిరిగి రావడానికి ధ్వనికి సుమారు 40 మిల్లీసెకన్లు పడుతుంది. ఆ పాటి ఎడం ఇస్తే హల్లులు స్పష్టంగా వినబడి, టెయిల్ గది స్వరంగా వేరుపడుతుంది, ఎడం లేకపోతే రెండూ కలిసి మాట మసకబారుతుంది. తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో శబ్దాన్ని భేరి మొదలైనవాటి ధ్వన్యాత్మకమనీ, భాషారూపమైన వర్ణాత్మకమనీ విభజించాడు. టెయిల్‌లో మాత్రం వర్ణాత్మకమే చూస్తుండగా ధ్వన్యాత్మకంగా మారిపోతుంది, ఈ మార్పు విభజనను కాదనదు గాని దాని నడిమి గీతను తప్పక కదిలిస్తుంది.

ఇస్తాంబుల్‌లోని హాగియా సోఫియాలో రివర్బ్ 10 సెకన్లకు పైగా నిలుస్తుంది. ఆ కట్టడం మ్యూజియంగా ఉన్న కాలంలో స్టాన్‌ఫోర్డ్ పరిశోధకులు అక్కడ బెలూన్లు పగలగొట్టి, దాని ధ్వనిస్పందనను నమోదు చేశారు. కాపెల్లా రొమానా గాయకబృందం కాలిఫోర్నియాలో ఆ స్పందనను తమ గొంతులకు జోడించగా వింటూనే బైజాంటైన్ స్తోత్రాలు పాడింది, ఆ గానం 2019లో ఆల్బమ్‌గా వెలువడింది. గోడల స్పందనను తరలించినట్టు ఆ స్తోత్రాల వెనుక ఉన్న ఆరాధనను తరలించడం సాధ్యం కాదు. అయినా ఆ టెయిల్‌ను బూటకమనడం న్యాయం కాదు, ఎందుకంటే అది ఆ గోడలు నిజంగా ఇచ్చిన జవాబు నుంచే పుట్టింది.

ఇలా పాడుతుండగానే వినిపించే పద్ధతికి అడ్డుపడేది లేటెన్సీ, అంటే కంప్యూటర్ ధ్వనిని నమూనాల గుంపులుగా తీసుకుని లెక్కించి తిరిగి ఇవ్వడంలో జరిగే ఆలస్యం. సెకనుకు 48,000 నమూనాల లెక్కన 256 నమూనాల గుంపుకు సుమారు 5.3 మిల్లీసెకన్లు పడుతుంది, లోనికి రావడానికీ బయటికి పోవడానికీ కలిపి ఇది 10 దాటుతుంది. గాయకుని సొంత గొంతు అంత ఆలస్యంగా చెవిని చేరితే అది దోషం. అదే ఆలస్యం టెయిల్‌లో మాత్రమే ఉంటే, గోడ రెండు మీటర్లకు కాస్త తక్కువగా వెనక్కి జరిగినట్టు తోస్తుంది తప్ప మరేమీ కాదు, అందువల్ల ఇంజనీరు దానిని ప్రీడిలే నుంచి తీసివేసి సరిపెడతాడు. కాలం ఒక్కటేననీ, దాని విభాగాలన్నీ ఉపాధుల వల్ల, అంటే దానికి తగిలించిన బయటి నిమిత్తాల వల్ల, కలిగేవేననీ న్యాయ వైశేషికులు అన్నది ఈ పది మిల్లీసెకన్లకూ వర్తిస్తుంది: అవి యంత్రానివా, గోడవా అన్నది వాటిని ఏ ధ్వనికి తగిలించారన్న దానిపైనే ఆధారపడి ఉంటుంది.