విడిచిపెట్టుట దయయేనా?

అమెరికాలో కాలిఫోర్నియా, నెవాడా రాష్ట్రముల సరిహద్దున, సియెర్రా నెవాడా పర్వతముల నడుమ టాహో అను సరస్సు గలదు. అది సముద్రమట్టమునకు దాదాపు 1,900 మీటర్ల ఎత్తున నున్నది. దాని అత్యధికమైన లోతు 501 మీటర్లు. చుట్టునున్న కొండలను మంచు కప్పినను, శీతకాలమున ఈ సరస్సు గడ్డకట్టదు. కావున ఆ ఋతువునందును వినోదార్థులు పడవలపై వచ్చి, బరువు కట్టిన దారములను లోతునకు దింపి, మాకినా అనబడు ట్రౌట్ చేపలకై గంటల తరబడి నిరీక్షింతురు.

వారిలో పలువురు ఆకలిగొని వచ్చినవారు కారు. పైకి లాగిన చేపను ఒక క్షణము పట్టి చూచి, గాలమును నేర్పుతో ఊడదీసి, మరల నీట విడిచిపెట్టుదురు. అది తోక విదల్చి చీకటి లోతులలో మరుగగును. “ప్రాణము తీయలేదు గదా” యని విడిచినవాడు సంతసించును. ఆ సంతోషము దయవలన పుట్టినదా, లేక దయవలె కనుపించు మరియొకదానివలననా? ఇది విచారింపదగిన ప్రశ్న.

అతని పక్షమున చెప్పదగినది కొంత కలదు. ఈ జాతి చేప మెల్లగా పెరుగును. సంతానము కనుటకు దానికి పెక్కేండ్లు పట్టును. కనుక పెద్ద చేపలను విడుచుట వంశరక్షణకు తోడ్పడును. దాని గాలితిత్తినుండి కంఠమునకు ఒక నాళము గలదు. లోతునుండి వచ్చునపుడు ఉబ్బిన గాలిని దానిద్వారా కొంతవరకు వెలికి పంపగలదు. వేసవిలో పైనీటి వెచ్చదనము దానికి హాని చేయును. శీతకాలమున ఆ భయము లేదు. జాగ్రత్తగా విడిచిన చేప బ్రతుకుననుట పలుమార్లు సత్యమే.

అయినను బ్రతుకుట వేరు, బాధపడకుండుట వేరు. స్కాట్లండునందలి రోస్లిన్ పరిశోధనాలయమున రెయిన్‌బో ట్రౌట్ చేపలను పరీక్షించిన శాస్త్రజ్ఞులు, హానిని గుర్తించు నాడీగ్రాహకములు వాని తలయందున్నవని 2003లో వెల్లడించిరి. పెదవులలో ఆమ్లము నెక్కింపగా ఆ చేపలు వానిని గులకరాళ్ళకు రుద్దుకొన్నవి. చాలసేపు మేత ముట్టలేదు. చేప బాధ మనుష్యుని బాధవంటిదేనా యను వాదము పండితులలో ఇంకను తీరలేదు. కాని సందేహమున్నచోట ఎవరి పక్షము వహింపవలెను? వినోదించువానిదా, నోట గాలము గ్రుచ్చుకొన్నదానిదా?

మరియొక పర్వతదేశమైన స్విట్జర్లండు ఈ విషయమున ఒక చట్టము చేసినది. తిరిగి విడువవలెనను ఉద్దేశముతో చేపలు పట్టబోవుటను అచట 2008లో నిషేధించిరి. తినుటకు పట్టవచ్చును, విడుచుటకై పట్టరాదు! చంపువానికి అనుమతి, విడుచువానికి నిషేధము — ఇది తలక్రిందుల న్యాయమని తొలుత తోచును. నిదానించినచో భావము తెలియును. ఆక్షేపించినది విడుచుటను కాదు, విడుచుటకే పట్టుటను. ఆకలికి హద్దు గలదు. కడుపు నిండగనే అది ఆగును. వినోదమునకు హద్దు లేదు. విడిచిన చేపను రేపు మరల పట్టవచ్చును, మరల విడువవచ్చును. ప్రతి పర్యాయమును తాను దయామయుడనని మురియవచ్చును.

పంకప్రక్షాళనన్యాయము మనవారికి సుపరిచితము: బురద త్రొక్కి కాలు కడుగుకొనుటకంటె త్రొక్కకుండుటయే మేలు. కడిగిన నీరు ఎంత నిర్మలమైనను, త్రొక్కుట తప్పు కాకపోదు.

శ్రీమద్భాగవతము ఏకాదశస్కంధమున అవధూత తన గురువులలో చేపనుకూడ చేర్చినాడు. జిహ్వాచాపల్యముచే అది గాలమునకు చిక్కుటను చూచి అతడు ఇంద్రియజయము నేర్చుకొనెను. ఆ కొండ సరస్సులో చేప చిక్కినది జిహ్వచేత. ఆకలి లేని మనుష్యుడు చిక్కినది దేనిచేత? దారము బిగిసినపుడు కలుగు పులకరింతచేత. దారమునకు రెండు కొనలు గలవు. చేపను విడిచి అతడు ఇల్లు చేరును, అతనిని విడుచువారెవరు?

ఇది చేపలు పట్టువారికే చెందిన మాట కాదు. పరుషవాక్యమాడి పిదప ఓదార్చువాడును, అన్యాయముగ గడించి అందులో కొంత దానము చేయువాడును ఈ పడవలోనివారే. బిగించిన పిడికిలిని విప్పుటను లోకము చూచును, మెచ్చును. చేయి చాచకమునుపే ఆగుట ఎవరికిని కనబడదు. దయకు పరీక్ష అచటనే.