మనస్సునకు నిత్యపరీక్ష

ఇష్టలింగమును ప్రతిదినము అరచేత నుంచి చూచు భక్తుడు తన మనస్సును అంత శ్రద్ధతో చూచుట అరుదు. ఒక్కదినమున వచ్చిన దుఃఖము ఎవరికైనను తెలియును. కొంచెము కొంచెముగా దిగు కుంగుబాటు అట్లు తెలియదు. నిన్నటికిని నేటికిని పెద్ద భేదము లేదని తోచును.

అందులకే వైద్యులు ఒక చిన్న పద్ధతి చెప్పుదురు. రాత్రి పూజ ముగిసిన పిదప, ఆ దినపు మనఃస్థితికి 1 నుండి 10 లోపల ఒక అంకెను, నిద్రించిన గంటలను, ఆకలిని వ్రాసికొనవలెను. కారణములు వెదకుచు పుటలు నింపనక్కరలేదు; అది మరియొక చింత యగును. రెండు వారముల అంకెలను వరుసగా చూచినచో దిగుజాడ కన్పట్టును. తెల్లవారకమునుపే మెలకువ వచ్చి మరల నిద్రపట్టకుండుట, చిన్నమాటకే చిరాకు, బంధువుల రాక భారమగుట మొదలగునవి ముందు గుర్తులు. అవి అందరికి నొకటే కావు. ఒకమారు ఈ వ్యాధి పడి లేచినవారికి తమ గుర్తు ఏదో ఆ పుస్తకమే చెప్పును.

పూజలో మనస్సు నిలువని కోడలికి భక్తి తగ్గెననియు, పనికి లేవని కుమారుడు సోమరియనియు ఇంటివారు నిందింతురు. కాయకమును ఆరాధనగా నెంచు ఇంట ఈ నింద మరింత లోతుగా నాటును. జ్వరపడినవానిని ఎవరైన అట్లందురా? రెండు వారములును అంకెలు దిగియే యున్నచో రోగిని ఆ పుస్తకముతోనే వైద్యుని యొద్దకు తోడ్కొని పోవలెను. చావు తలంపు నోట వెడలినచో ఒక్కదినమైనను ఆగరాదు. భారత ప్రభుత్వము 2022 అక్టోబరులో నెలకొల్పిన టెలి మానస్ నకు, 14416 సంఖ్యపై, రాత్రియైనను పగలైనను రుసుము లేక ఫోను చేయవచ్చును, తెలుగుననే మాటలాడవచ్చును.