కంటికి కనపడని కంటి జబ్బు: ప్రమాణం, ప్రారబ్ధం

షుగరు జబ్బు కంటిని పాడుచేసే తీరు ఒకటి విచిత్రంగా ఉంటుంది. రెటీనా చాలావరకు దెబ్బతిన్నా చూపు మామూలుగానే ఉంటుంది. నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు, నీరు కారదు. అందువల్ల ఈ జబ్బు వైద్యుడి గదిలోకి రాకముందే రెండు పాత తాత్త్విక ప్రశ్నల్ని లేపుతుంది. తనకు తెలియని దోషం తనలో ఉందని మనిషి దేన్నిబట్టి ఒప్పుకోవాలి? ఒప్పుకున్నాక అది అనుభవించి తీరవలసిన కర్మా, తప్పించుకోదగిన ఆపదా? నెల్లూరు తీరంలో, మైపాడు నుంచి కృష్ణపట్నం దాకా, ఈ ప్రశ్నల్ని ఎవరూ ఈ మాటల్లో అడగరు. “చూపు బాగానే ఉంది గదా, పరీక్ష ఎందుకు?” అనే మాటలో మొదటిదీ, “రాసిపెట్టుంటే ఎవరాపుతారు?” అనే మాటలో రెండోదీ ఉన్నాయి.

రెటీనా అంటే కంటి లోపలి వెనక గోడకు పరుచుకున్న పల్చటి పొర. వెలుగును పట్టి మెదడుకు చేరవేసేది అదే. దానికి నెత్తురు అందించే సన్నటి నాళాల గోడలు ఏళ్ళ తరబడి చక్కెర ఎక్కువైన రక్తం వల్ల బలహీనపడతాయి. గోడను పట్టి ఉంచే కణాలు రాలిపోతాయి, నాళం అక్కడక్కడ చిన్న బుడగలా ఉబ్బుతుంది, కొవ్వూ నీరూ నెత్తురూ బయటికి ఊరతాయి. ఆ ఊట చూపుకు నడిబిందువైన మాక్యులాలో చేరితే అక్షరాలు అలుక్కుపోతాయి. కొన్ని నాళాలు పూర్తిగా మూసుకుపోతే, ప్రాణవాయువు అందని రెటీనా కొత్త నాళాలు పుట్టించే వీఈజీఎఫ్ అనే ప్రొటీన్‌ను విడుదల చేస్తుంది. అలా పుట్టిన నాళాలు పెళుసువి. అవి చిట్లితే కంటినిండా నెత్తురు కమ్ముతుంది, మచ్చకట్టి లాగితే రెటీనా ఊడివస్తుంది. ఈ కొత్త నాళాలు పుట్టిన దశలో కూడా, మాక్యులా చెడనంతవరకు, అక్షరాల చార్టులో ఆఖరి వరుస చదవగలిగినవాళ్ళుంటారు. ఒక కన్ను తగ్గితే రెండో కన్ను ఆ లోటు కప్పిపుచ్చుతుంది.

ఉన్న వస్తువు ఎందుకు కనపడదన్న ప్రశ్నకు ఈశ్వరకృష్ణుడు సాంఖ్యకారికలో ఎనిమిది కారణాలు చెప్పాడు: మరీ దూరం, మరీ దగ్గర, ఇంద్రియం దెబ్బతినడం, మనసు నిలకడ లేకపోవడం, సూక్ష్మత్వం, అడ్డు ఉండడం, మరొకటి మించిపోవడం, తనలాంటివాటిలో కలిసిపోవడం. మరీ దగ్గర అన్నదానికి వ్యాఖ్యాతలు ఇచ్చిన ఉదాహరణ కంటికి పెట్టుకున్న కాటుక. షుగరు కంటికి వీటిలో కనీసం నాలుగు ఒకేసారి వర్తిస్తాయి. దోషం కంటిలోనే ఉంది, సూక్ష్మంగా ఉంది, కంటిపాప వెనక దాగి ఉంది, బాగున్న కంటి చూపు చాటున మరుగుపడింది. దృగ్దృశ్యవివేకమనే వేదాంత ప్రకరణం కంటి మాంద్యాన్నీ చురుకునూ మనసు గ్రహిస్తుందంటుంది. అది మసక వచ్చాకనే కదా. మసక రాకముందు మనసుకు కూడా కబురు అందదు. కాబట్టి “నాకేం తేడా తెలియడం లేదు” అన్న వాంగ్మూలం నిజాయితీగా చెప్పిందే అయినా, కన్ను బాగుందనడానికి సాక్ష్యంగా చెల్లదు.

ప్రత్యక్షం, అంటే స్వయంగా చూసి తెలుసుకోవడం, ఆగినచోట న్యాయదర్శనం వారైన నైయాయికులు అనుమానాన్నీ శబ్దాన్నీ ప్రమాణాలుగా చూపారు. షుగరు ఎన్నేళ్ళుగా ఉంది, మూడు నెలల సగటు ఎంత, రక్తపోటు ఎంత, మూత్రంలో ప్రొటీన్ పోతోందా అన్న గుర్తుల్ని బట్టి కంటి లోపలి స్థితిని ఊహించడం అనుమానం. అది ప్రమాదం ఎంత ఉందో చెబుతుంది గాని ఏ కంట్లో ఏ చోట అన్నది చెప్పదు. అది తేలాలంటే చుక్కలు వేసి కంటిపాపను పెద్దది చేసి లోపలికి చూడాలి, లేదా రెటీనా ఫొటో తీయాలి. రోగికి సంబంధించినంతవరకు ఆ ఫలితం పరుల మాటగానే, అంటే శబ్దంగానే అందుతుంది. టైప్ 2 షుగరు బయటపడ్డ రోజునే ఈ పరీక్ష చేయించి, తర్వాత ఏటా చేయించమనడానికి కారణం కూడా ఈ చిక్కే: జబ్బు ఎప్పుడు మొదలైందో చెప్పగల సాక్షి రోగిలో లేడు. టైప్ 1 వాళ్ళకు మొదలైన తేదీ సాధారణంగా తెలుస్తుంది గనక ఐదేళ్ళ గడువిస్తారు.

ఎవరి మాట నమ్మాలన్నది ఈ తీరంలో పుస్తకాల్లోని ప్రశ్నగా మిగల్లేదు. 2021 మేలో కరోనా రెండో అలలో ముత్తుకూరు మండలం కృష్ణపట్నంలో బొనిగి ఆనందయ్య ఇచ్చిన మందుకోసం వేలమంది బారులు తీరారు. మే 31న రాష్ట్ర ప్రభుత్వం ఆయన మందుల్లో కొన్నింటికి అనుమతిచ్చి, కంట్లో వేసే చుక్కల్ని మాత్రం నివేదికలు రావాలని ఆపింది. ఆ మందు షుగరుకు ఇచ్చింది కాదు. అయినా అందులో పనికొచ్చే వివేకం ఒకటి ఉంది: మనిషి మీద గౌరవం వేరు, కంట్లో పడే చుక్క మీద పరీక్ష వేరు. మాట నమ్మదగిన ఆప్తుడంటే విషయాన్ని సాక్షాత్తు ఎరిగి, ఉన్నదున్నట్టు చెప్పాలనుకునేవాడని న్యాయభాష్యంలో వాత్స్యాయనుడు నిర్వచించాడు. ఆ లక్షణం ఋషులకూ ఆర్యులకూ మ్లేచ్ఛులకూ సమానమేనన్నాడు. ఊరివాడు కావడం, దూరపు పట్నంలో డిగ్రీ తెచ్చుకోవడం, ఈ రెండూ ఆప్తత్వాన్ని తమంతట ఇవ్వవు. ఎరిగి ఉండడమే ఇస్తుంది. రెటీనా ఫొటోను కంప్యూటరు చదివే రోజులు వచ్చాయి. యంత్రానికి చెప్పాలన్న కోరిక ఉండదు గనక వాత్స్యాయనుడి లెక్కలో అది ఆప్తుడు కాదు. దాని జవాబును గుర్తునుబట్టి చేసే అనుమానంలో చేర్చడమే సబబు.

ఇక కర్మ సంగతి. చూపు పోవడాన్ని పూర్వజన్మ పాపానికి ముడిపెట్టడం చాలా దేశాల్లో ఉంది. పుట్టుగుడ్డివాణ్ణి చూపి పాపం ఇతనిదా తల్లిదండ్రులదా అని శిష్యులడిగితే, ఇద్దరిదీ కాదని యేసు జవాబిచ్చినట్టు యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయంలో ఉంది. శివకుడనే పరివ్రాజకుడికి బుద్ధుడు పిత్తం, శ్లేష్మం, వాతం, ఋతువుల మార్పు మొదలైన ఎనిమిది కారణాలు లెక్కపెట్టి, ప్రతి బాధా గతకర్మ వల్లనే అనేవాళ్ళు తమకు తెలిసినదాన్ని దాటి మాట్లాడుతున్నారన్నాడు. ఆ ఎనిమిదిలో కర్మ ఒకటి మాత్రమే. ఆయుర్వేదమైతే షుగరు జబ్బునే, తన మాటలో ప్రమేహాన్నే, ఎదురుగా పెట్టుకుని ఆలోచించింది. సుశ్రుతుడు ప్రమేహాన్ని పుట్టుకతో వచ్చేది, అపథ్యంతో వచ్చేది అని రెండుగా విడదీశాడు. చరకుడు హాయిగా కూర్చోవడం, అతినిద్ర, పెరుగు, కొత్త బియ్యం, బెల్లపు వంటలు కారణాలన్నాడు. మొలకొలుకులు బియ్యానికి పేరుబడ్డ నెల్లూరుకు ఆ జాబితా కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది. అన్నం తగ్గించి చేపల పులుసు ఎలా తినాలో చరకుడు చెప్పలేదు. ఆయన విమానస్థానంలో ఇంకో మాట ఉంది: ఆయుష్షు దైవం, పురుషకారం (మనిషి ప్రయత్నం) రెండింటి మీదా ఆధారపడుతుంది, అంతా ముందే నిశ్చయమైతే వైద్యానికి అర్థమే లేదు.

ఆ వాదనకు ఇరవయ్యో శతాబ్దం అంకెలు సమకూర్చింది. అమెరికా, కెనడాల్లో 1,441 మంది టైప్ 1 రోగుల మీద జరిపిన డీసీసీటీ అధ్యయనం ఫలితాలు 1993లో వచ్చాయి. చక్కెరను గట్టిగా అదుపు చేసినవాళ్ళలో రెటీనా జబ్బు కొత్తగా వచ్చే ప్రమాదం 76 శాతం తగ్గింది. టైప్ 2 మీద బ్రిటన్‌లో 1998లో వెలువడిన యూకేపీడీఎస్ రక్తపోటును అదుపు చేసినా కళ్ళకు మేలని చూపింది. పురుషకారానికి ఇంతకన్నా బలమైన రుజువు దొరకదు. అయితే చక్కెర బాగా చూసుకున్నవాళ్ళలోనూ కొందరికి జబ్బు వస్తుంది, అశ్రద్ధ చేసినవాళ్ళలో కొందరు తప్పించుకుంటారు. ఆ మిగులును దైవమనండి, వంశపారంపర్యమనండి, దాన్ని చూపి రోగిని నిందించే హక్కు ఎవరికీ లేదు.

మొక్కులకూ వైద్యానికీ పోటీ ఉందనుకోవడం పొరపాటు. మొహర్రం నెలలో నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర, బారా షహీద్ దర్గా రొట్టెల పండుగలో, ఆరోగ్య రొట్టె పుచ్చుకునే చేతులు అన్ని మతాలవీ. చిక్కు వచ్చేది ఉపవాసంతో. రంజాన్‌లో రోగికి మినహాయింపు ఖురాన్‌లోనే ఉంది: బాగయ్యాక ఆ రోజులు పూరించవచ్చు, ఆ స్థోమత లేనివాళ్ళు పేదకు అన్నం పెట్టవచ్చు. ఇన్సులిన్ సూదితో ఉపవాసం చెడదని నేటి పండితుల్లో ఎక్కువమంది అభిప్రాయం. నీళ్ళు, దుంపలు, పళ్ళు, పాలు, మందు వంటి ఎనిమిదింటితో వ్రతభంగం కాదని ధర్మశాస్త్రకారులూ చెప్పారు. కార్తీక సోమవారం మాత్ర మానేసేవాళ్ళు శాస్త్రం అడగనిదాన్ని ఇస్తున్నారన్నమాట.

చికిత్సల్లో పాతది లేజరు. రెటీనా అంచుల్ని వందలాది చుక్కలుగా కాల్చి, ప్రాణవాయువు కోసం అలమటించే భాగాన్ని తగ్గిస్తారు. పక్క చూపూ రాత్రి చూపూ కొంత పోతాయి, నడి చూపు నిలుస్తుంది. తీవ్రమైన చూపు నష్టం సగానికి పైగా తగ్గుతుందని 1970లలోనే తేలింది. మాక్యులాలో నీరు చేరితే ఇప్పుడు మొదట ఇచ్చేది వీఈజీఎఫ్‌ను అడ్డుకునే సూదిమందు: బెవాసిజుమాబ్, రానిబిజుమాబ్, అఫ్లిబెర్సెప్ట్ వంటివి. మొదట్లో నెలకోసారి, తర్వాత అవసరాన్నిబట్టి. కంట్లో సూది అంటే భయం సహజం. కన్ను మొద్దుబార్చి ఇస్తారు, క్షణాల పని. కొందరికి స్టెరాయిడ్ వాడతారు. నెత్తురు కమ్మి కరగకపోయినా, రెటీనా లాగుకుపోయినా, 1970లలో రాబర్ట్ మాకెమర్ ఆరంభించిన విట్రెక్టమీ ఆపరేషన్ ఉంది.

వేదాంతులు ప్రారబ్ధాన్ని, అంటే ఫలమివ్వడం మొదలుపెట్టిన కర్మను, వింటి నుంచి వదిలిన బాణంతో పోల్చారు. రెటీనాలో చచ్చిన కణాలు అలాంటివి. ఏ చికిత్సా వాటిని వెనక్కి తేలేదు. వాచిన మాక్యులా అలా కాదు, సూదిమందుతో చాలాసార్లు అక్షరాలు తిరిగొస్తాయి. ఇంకా చిట్లని నాళం, ఇంకా పుట్టని నాళం అమ్ములపొదిలోనే ఉన్నాయి. ఏది ఏ కోవలోదో రోగి తనంతట తేల్చుకోలేడు, పైగా చికిత్స ఒకసారితో అయ్యేది కాదు. నెల్లూరువాళ్ళు పెద్ద కంటి వైద్యానికి అలవాటుగా వెళ్ళే చెన్నైలో 1978 నుంచి శంకర నేత్రాలయ ఉంది, హైదరాబాదులో 1987 నుంచి ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఉంది. చుక్కలు వేశాక కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది గనక వెంట ఒక మనిషి వెళ్ళాలి. రొయ్యల గుంటల కాపలా, కూలి రోజు, రైలు ఛార్జీ లెక్కలోకి వచ్చేది అక్కడే. పురుషకారం అన్నప్పుడు చరకుడు ఆ వెంట వెళ్ళే మనిషిని మరిచిపోలేదు: వైద్యుడు, మందు, రోగితోపాటు పరిచారకుణ్ణి కూడా చికిత్సకున్న నాలుగు పాదాల్లో ఒకటిగా లెక్కపెట్టాడు.