కార్డు నంబరు ఇవ్వను

గుంటూరు,
ఆదివారం రాత్రి

అమ్ములూ,

నీ వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. మొదటిసారి నవ్వొచ్చింది. "మామయ్యా, నీ కార్డు నంబరొక్కటి ఇస్తే చాలు, ఆ ఆటకి నెలకి ఎంతో కాదు, వెయ్యిలోపే, ట్యూషన్లు చెప్పి తీర్చేస్తా" అన్నావు చూడు, అందులో 'నెలకి' అన్న మాట మటుకు గబగబా దాటేశావు. రెండోసారి విన్నప్పుడు నేను అక్కడే ఆగిపోయాను.

కార్డు నంబరు ఇవ్వను. ఎందుకో ఫోన్లో చెబితే "సర్లే మామయ్యా" అని పెట్టేస్తావు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. ఆటలు మానెయ్యమని ఇందులో ఎక్కడా రాయను. మీ అమ్మ అదే ఆశపడుతోంది గానీ, ఆ పని ఆవిడే చేసుకోవాలి.

నువ్వింకా పుట్టని రోజుల సంగతి. 2002లో బ్రాడీపేటలో ఇంటర్నెట్ సెంటర్ పెట్టాను. ఆరు కంప్యూటర్లు, వాటిని కలుపుతూ నా చేత్తో బిగించిన కేబుళ్లు, ఐదు నిమిషాలు కూడా ఆగని ఒక యూపీఎస్. గంటకు 15 రూపాయలు. పగలంతా పరీక్షల ఫలితాలు, రెజ్యూమేలు. సాయంత్రం నాలుగు దాటితే కుర్రాళ్లు. "అన్నా, ఏజ్ ఖాళీ ఉందా?" అంటూ వచ్చేవాళ్లు. ఏజ్ అంటే ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ రెండోది, 1999లో వచ్చింది. ముగ్గురిటు, ముగ్గురటు. ఒకడి కోట పడిపోతే మిగతా ఐదుగురి అరుపులకి పక్క జిరాక్స్ షాపాయన గోడ కొట్టేవాడు. ఆ సీడీ నాకెక్కడిదని అడక్కు. 2019లో అదే ఆటని బొమ్మలు కొత్తగా గీసి మళ్లీ విడుదల చేసినప్పుడు డబ్బిచ్చి కొన్నాను, పాత బాకీ కొంతైనా తీరుతుందని.

గంట లెక్కన ఆడేవాడి ఆట నువ్వు చూడలేదు. వాడి ఒక కన్ను ఎప్పుడూ గడియారం మీదే. పొలాలు వేసుకోవడం, రాయి తవ్వడం, గోడ కట్టడం వాడికి కాలయాపన. పావుగంట తిరక్కముందే ఉన్న పదిమంది సైనికుల్నీ తోలేసి, ఓడిపోయి, "ఇంకో పది నిమిషాలన్నా" అని బతిమాలేవాడు. వ్యూహం ఆలోచించడానికి తీరుబడి కావాలి. నేను గంటల్ని అమ్మానే గానీ తీరుబడి అమ్మలేదు.

ఆ తర్వాత నాకో తెలివి పుట్టింది. నెల ప్యాకేజీ. 300 రూపాయలు ముందే కట్టేస్తే 30 గంటలు, అంటే గంట పది రూపాయలకే. ఒక్కటే షరతు: మిగిలిపోయిన గంటలు వచ్చే నెలకి రావు. లాభమంతా ఆ షరతులోనే ఉందని అప్పుడే తెలుసు నాకు. రాని వాళ్ల డబ్బు ఎలాగూ మిగులుతుంది. వచ్చేవాళ్లు ఏం చేస్తారో మాత్రం నేను ఊహించలేదు. నెల మొదట్లో రోజుకో అరగంట ఆడి వెళ్లే పిల్లలు, నెలాఖరు వారంలో బడి నుంచి నేరుగా వచ్చి చీకటి పడేదాకా కూర్చోవడం మొదలెట్టారు. ఆడాలనిపించి కాదు, గంటలు పోతాయని. ఒక నెల చివరి రోజున ఒక కుర్రాడు జ్వరంతో వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి, స్వెట్టర్ వేసుకున్నాడు, గుంటూరులో, ఏప్రిల్లో. "ఇంకా నాలుగు గంటలున్నయ్యన్నా" అన్నాడు. ఇంటికి పొమ్మనలేదు నేను. పొమ్మంటే ఆ నాలుగు గంటలూ వచ్చే నెలకి రాసివ్వాల్సి వస్తుంది కదా! ఫ్యాను కొంచెం తగ్గించాను, అంతే. ఆడినంతసేపూ వాడొక్కసారి కూడా నవ్వలేదు.

ఇదంతా ఇంతవరకూ మీ అత్తకి కూడా చెప్పలేదు. అద్దె వసూలు చేసినవాణ్ణి కాబట్టి అద్దె ఆట మనిషిని ఏం చేస్తుందో నాకు కొంచెం ముందే తెలుసని చెప్పడానికి నీకు చెప్పాను. తెలిసి కూడా నేనే అందులో పడ్డాను, అది ఇంకా సిగ్గు. 2009లో మొదటిసారి క్రెడిట్ కార్డు వచ్చింది. నెల చందా కట్టే ఒక పెద్ద ఆన్‌లైన్ ఆటలో చేరాను. పేరు అనవసరం. రెండేళ్ల పైన, నెలకి దాదాపు 700 రూపాయలు. నాకక్కడ ఒక మంత్రగాడు, వాడికో తెల్ల గడ్డం, వాడి చేతిలో మూడు వారాలు రాత్రిళ్లు మేలుకుని సంపాదించిన కర్ర. ఒకరోజు మీ అత్త అన్నం వడ్డిస్తూ అంది: "ఒకప్పుడు ఆడుకుంటా అనేవారు. ఇప్పుడు ఆడాలి అంటున్నారు, గమనించారా?" గమనించలేదు. ఆ నెలతో మానేశాను. కర్రా గడ్డమూ అక్కడే ఉండిపోయాయి. చందా కట్టకపోతే తలుపు తియ్యరు.

అయితే చందా తీసుకునే వాళ్లందరూ నాలాంటి కక్కుర్తి మనుషులని అనుకోకు. 1997లో అల్టిమా ఆన్‌లైన్ నెలకి పది డాలర్ల లోపు తీసుకునేది, 2004లో వచ్చిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అమెరికాలో 15 డాలర్లకు ఒక్క సెంటు తక్కువ పెట్టింది. వేలమంది ఒకేసారి తిరిగే ఊరిని రాత్రింబవళ్లు నడపాలంటే సర్వర్లు కావాలి, తగాదాలు తీర్చే మనుషులు కావాలి. వాళ్లకి జీతాలివ్వాలి. అది న్యాయమైన లెక్కే. కానీ అదొక్కటే దారి కాదని 2005లో గిల్డ్ వార్స్ చేసినవాళ్లు చూపించారు: ఒకసారి కొంటే సరి, నెల చందా లేదు. ఎలా కుదిరిందంటే, జనమంతా కలుసుకునేది ఊళ్లలోనే. ఊరి పొలిమేర దాటగానే నీ జట్టుకి నీ అడవి, పక్క జట్టుకి వాళ్ల అడవి. అందరినీ ఒకే మైదానంలో మోయాల్సిన బరువు తగ్గింది. ఇరవై ఏళ్లు దాటినా ఆ తలుపులు తెరిచే ఉన్నాయి. దాని రెండో భాగం, గిల్డ్ వార్స్ 2, మొదటి మెట్టు ఉచితం. నీ హాస్టల్ స్నేహితురాళ్లతో కలిసి పెద్ద లోకంలో తిరగాలన్నదే నీ కోరికైతే ముందు అటు చూడు.

ఇక ఉచితం అన్న మాట. ఇక్కడ నువ్వు చందా కంటే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. మా చిన్నప్పుడు బడి ముందు కొట్టులో ఒక అట్ట వేలాడేది. పది పైసలిచ్చి దాని మీది చీటీ ఒకటి చింపాలి. పైన రబ్బరు బంతీ, చేతి గడియారమూ కట్టి ఉండేవి. మనకి మాత్రం బఠాణీ అంత పిప్పరమెంటే వచ్చేది. జపాన్లో బొమ్మల డబ్బా యంత్రం పేరు మీదుగా గాచా అని పిలిచే ఇప్పటి ఫోను ఆటలు అచ్చం ఆ అట్టే. ఆట ఉచితం, చీటీకి డబ్బు. వీరుణ్ణి కొనుక్కోవడం ఉండదు, వస్తాడేమోనని కొంటూ పోవడమే. 2018లో బెల్జియం వాళ్లు ఇలాంటి పెట్టెలు కొన్ని జూదం కిందికే వస్తాయని తేల్చేశారు. నన్నడిగితే దీనికన్నా చందా ఆట వంద రెట్లు మర్యాదస్తురాలు. తన ధర తలుపు మీదే రాసి పెడుతుంది.

కాబట్టి ఉచితమా, డబ్బా అని చూడకు. నేను చూసే గుర్తు ఒకటుంది. ఈ ఆటని ఆరు నెలలు ముట్టుకోకపోతే ఏమవుతుంది? మీ అమ్మమ్మా నేనూ అరుగు మీద పులిజూదం ఆడేవాళ్లం, మూడు పులులు, పదిహేను మేకలు, చింతగింజలూ గవ్వలూ. సంక్రాంతికి గీసిన గీతలు మొదటి వానకి చెరిగిపోయేవి. మళ్లీ వేసవిలో సుద్దముక్క తీసుకుని గీసుకునేవాళ్లం. మధ్యలో ఎవరికీ ఏమీ బాకీ పడలేదు. నువ్వు రాలేదని రోజూ కబురు పంపేది, వారం రాకపోతే వరుస తెగిందని బెదిరించేది, పరీక్షల నెలలోనూ డబ్బు పట్టుకుపోయేది ఏదైనా సరే, నిన్ను ఆడించుకుంటోందన్నమాట.

సరే, ఇప్పుడు పేర్లు. నీ ల్యాప్‌టాప్ సంగతి నాకు తెలుసు, నాలుగు క్రోమ్ ట్యాబులు తెరిస్తే ఆయాసపడుతుంది. అందుకని బాల్డూర్స్ గేట్ 3 నీకు చెప్పను. గొప్ప ఆటే, 2023లో వచ్చింది, కొన్న తర్వాత లోపల ఇంకో కొట్టు తెరవదు. కానీ దానికి 150 జీబీ చోటు కావాలి. ఉద్యోగం వచ్చాక చూద్దువుగాని. 1998 నాటి మొదటి బాల్డూర్స్ గేట్‌కి దుమ్ము దులిపిన కొత్త కూర్పు ఉంది, అది నీ మిషన్ మీద హాయిగా నడుస్తుంది. చదవడం ఇష్టమైతే డిస్కో ఎలీజియం. యుద్ధాలు లేవు, పది లక్షలకు పైగా మాటలున్నాయి. తాగి తాగి తన పేరు కూడా మర్చిపోయిన ఒక పోలీసు, తానెవరో తెలుసుకుంటూ ఒక హత్య కేసు తేల్చాలి. వాడి తలలోని తర్కం, భయం, అహంకారం ఒక్కొక్కటి ఒక్కో గొంతుతో వాడితో వాదిస్తాయి. బూతులు బాగా ఉన్నాయి, ఈ సిఫారసు మీ అమ్మ దాకా పోనివ్వకు.

కానీ నువ్వు మొదలెట్టాల్సింది వెస్నాత్‌తో. పూర్తి పేరు ది బ్యాటిల్ ఫర్ వెస్నాత్. 2003లో డేవిడ్ వైట్ అనే ఆయన మొదలెట్టాడు, తర్వాత ఊరూపేరూ తెలియని వందలమంది చెయ్యి వేశారు. ఎవరైనా తీసుకోవచ్చు, పంచుకోవచ్చు, లోపల ఎలా రాశారో విప్పి చూడొచ్చు. సీఎస్ఈ చదువుతున్నావు కదా, సీ ప్లస్ ప్లస్ అంటే ఏమిటో మీ లెక్చరర్ నోట్సు కంటే అక్కడ బాగా కనిపిస్తుంది.

ఆట ఆరు మూలల గళ్ల మీద. నీ వంతు, వాళ్ల వంతు. ఇందులో నాకు నచ్చింది పొద్దు. ఆడుతుంటే తెల్లారుతుంది, మధ్యాహ్నమవుతుంది, చీకటి పడుతుంది. పగటి పూట మనుషుల సైన్యానికి బలం, రాత్రయితే ఓర్క్‌లకూ అస్థిపంజరాలకూ. వీరావేశంతో చీకట్లో ముందుకు దూకితే చచ్చావే. రెండు వంతులు వెనక్కి తగ్గి, ఊళ్లోకి దూరి, గాయాలు మాన్చుకుని, తెల్లారాక కొట్టాలి. ఒక యుద్ధంలో బతికి బయటపడ్డ విలుకత్తె తర్వాతి యుద్ధానికి ఇంకా ఆరితేరి వస్తుంది. నువ్వామెని మళ్లీ పిలుచుకోవచ్చు. నాలుగు యుద్ధాలు నీతో నడిచినదాన్ని తొందరపాటుతో పోగొట్టుకుంటే, అబ్బ, ఆ రోజు కాఫీ కూడా సయించదు. నూటికి అరవై పాళ్లు తగులుతుందన్న దెబ్బ వరసగా మూడుసార్లు గురి తప్పుతుంది. తిట్టుకుంటావు. తిట్టుకో.

ఫ్రీసివ్ కూడా పెట్టుకో, డెన్మార్క్‌లో ముగ్గురు విద్యార్థులు 1996లో వదిలారు. నాగలి నుంచి రాకెట్ దాకా నాగరికతని నడపాలి. దానికి రాత్రి పదిన్నర తర్వాత చెయ్యి పెట్టకు. 'ఇంకొక్క వంతు' అనే జబ్బు అద్దె లేకపోయినా వస్తుంది, ఆ నేరం ఎవరి మీదా తోసెయ్యలేం. జీరో ఏ.డీ. అని ఇంకొకటి ఉంది, పూర్తిగా ఉచితం, మన పాత ఏజ్‌కి చెల్లెలు. అందులో మౌర్యులున్నారు. వాళ్లకి యుద్ధపుటేనుగులతో పాటు పనిచేసే ఏనుగు ఒకటి ఉంటుంది, కలప ఎక్కడ కొడితే అక్కడికి నడిచొచ్చి సరుకు దించుకుంటుంది. చిన్న సంగతే గానీ నాకు భలే ముద్దొచ్చింది.

కొనే ఆటల దగ్గర ఒక్క మాట. కొన్నంత మాత్రాన మనదైపోయిందనుకోకు. 2024 మార్చి చివర్లో యూబీసాఫ్ట్ ది క్రూ అనే కార్ల పందెం ఆటకి సర్వర్లు ఆపేసింది. డబ్బిచ్చి కొనుక్కున్నవాళ్లు ఆ తర్వాత ఒంటరిగా కూడా తోలలేకపోయారు. నెట్ లేకపోయినా తెరుచుకుంటుందా అని కొనేముందే కనుక్కో. జీఓజీ అని పోలండ్ వాళ్ల దుకాణం ఉంది, అక్కడ కొంటే ఇన్‌స్టాల్ ఫైలు చేతికిస్తారు, తాళాలుండవు. డిస్కులో దాచుకుంటే నీ పిల్లలక్కూడా పనికొస్తుంది. నవ్వకు.

నా మాట కాదని నీ సొంత డబ్బుతోనే ఆ ఆటలో చేరతావనుకో, నేనేమీ అలగను. ఒక నెల తీసుకో, కట్టిన రోజే యూపీఐలో ఆటోపే రద్దు చెయ్యి. రద్దు చేసినా సాధారణంగా ఆ నెల చివరిదాకా ఆడనిస్తారు. ముప్ఫయ్యో రోజున మళ్లీ కట్టాలనిపించిందా, ఆ రోజు నువ్వే మళ్లీ నిర్ణయించుకుంటావు. డబ్బు దానంతటది వెళ్లిపోవడం వేరు.

రేపు పొద్దున బస్సు పార్సిల్లో గోంగూర పచ్చడి పంపిస్తున్నాం. సీసాకి చుట్టిన టవల్లో ఒక పెన్‌డ్రైవ్ ఉంటుంది, వెస్నాత్, ఫ్రీసివ్, జీరో ఏ.డీ. మూడూ ఎక్కించాను. నూనె అంటితే తుడుచుకో. శనివారం రాత్రి తొమ్మిదికి నేను వెస్నాత్‌లో కూర్చుంటాను. ఓర్క్‌లు నావి. మీ అత్త కూడా ఆడతానంటోంది, ఎల్ఫ్‌లు కావాలంట. అడవిలో నక్కి కూర్చున్న మీ అత్తని కదిలించడం ఎంత కష్టమో నీకింకా తెలీదు.

మీ మామయ్య