గ్రంథికి చెప్పే అబద్ధం

ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా ఇచ్చే మాలా-ఎన్ అనే గర్భనిరోధక మందు అట్టలో 28 బిళ్లలుంటాయి. వాటిలో 21 హార్మోను బిళ్లలు, మిగతా ఏడూ ఐరన్‌వి. ఒక్కో హార్మోను బిళ్లలో ఉండే ఇథినైల్ ఈస్ట్రడయాల్ అనే ఈస్ట్రోజన్ 0.03 మిల్లీగ్రాములే. కంటికి ఆననంత ఆ కాస్త మందు మెదడు అడుగున శనగగింజంత ఉండే పిట్యూటరీ గ్రంథి పనితీరునే మార్చేస్తుంది. అండాశయం తన పని తాను చేసుకుపోతోందని, దానికి కొత్తగా ఏమీ పురమాయించక్కర్లేదని ఆ గ్రంథి అనుకునేలా చేస్తుంది. అది నిజం కాదు. అప్పుడు అండాశయంలో అండమేదీ ఎదగడం లేదు. మరి శరీరాన్ని ఇలా నమ్మించడం న్యాయమేనా?

ముందు అక్కడ జరిగేదేమిటో చూడాలి. మెదడులోని హైపోథాలమస్ గంటకో గంటన్నరకో ఒకసారి జీఎన్‌ఆర్‌హెచ్ అనే హార్మోనును కొద్దిగా వదులుతుంది. అది అందగానే పిట్యూటరీ ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ అనే మరో రెండింటిని రక్తంలోకి పంపుతుంది. వాటి ప్రేరణతో అండాశయంలో ఫాలికిల్స్ అనే అండపు సంచులు పెరుగుతాయి, ఈస్ట్రోజన్ తయారవుతుంది. ఆ ఈస్ట్రోజన్ తిరిగి పైకి చేరి ఎఫ్‌ఎస్‌హెచ్‌ను తగ్గిస్తుంది. ఇంతవరకూ మామూలు అదుపే. ఆ తర్వాత జరిగేది ఎన్నిసార్లు చదివినా నాకు కొత్తగానే ఉంటుంది. ఈస్ట్రోజన్ బాగా పెరిగి, దాదాపు రెండు రోజులు ఆ స్థాయిలోనే నిలిస్తే, అప్పటిదాకా వద్దు వద్దన్న ఆ హార్మోనే పిట్యూటరీని ఉసిగొల్పుతుంది. ఎల్‌హెచ్ ఒక్కసారిగా ఎగసిపడుతుంది. అది మొదలైన 36 గంటల ప్రాంతంలో అండం విడుదలవుతుంది. రసాయనం మారలేదు, గ్రంథీ మారలేదు. ఎంత ఉంది, ఎంతసేపు ఉంది అన్నదాన్ని బట్టి ఫలితం తలకిందులైంది. 1970లలో ఎర్న్‌స్ట్ నోబిల్ బృందం రీసస్ కోతుల మీద చేసిన ప్రయోగాల్లో మరో సంగతి బయటపడింది. జీఎన్‌ఆర్‌హెచ్‌ను గంటకోసారి ఇస్తే పిట్యూటరీ పనిచేసింది. ఆపకుండా ఎక్కిస్తే మూగబోయింది.

గర్భనిరోధక బిళ్ల ఈ లయనే పట్టుకుంటుంది. రోజూ అందే ఈస్ట్రోజన్ ఎఫ్‌ఎస్‌హెచ్‌ను అణచి ఉంచుతుంది కాబట్టి ఫాలికిల్ ఎదగదు. బిళ్లలోనే ఉండే మరో హార్మోను ప్రొజెస్టిన్ ఎల్‌హెచ్‌ను ఎగసిపడనివ్వదు. గర్భాశయ ముఖద్వారం దగ్గరి స్రావాన్ని చిక్కబరిచి వీర్యకణాలకు దారి లేకుండా చేస్తుంది.

ఇది ప్రకృతి విరుద్ధమనేవాళ్లున్నారు. ప్రకృతి అంటే ఏ ప్రకృతి? గర్భం నిలిచిన స్త్రీలో ఈస్ట్రోజన్, ప్రొజెస్టరోన్ పెరిగి పిట్యూటరీని సరిగ్గా ఇలాగే అణచి ఉంచుతాయి. 1919లో ఇన్స్‌బ్రుక్‌లో లుడ్విగ్ హాబర్‌లాంట్ గర్భంతో ఉన్న కుందేళ్ల అండాశయాలను వేరే కుందేళ్లకు అమర్చి, వాటికి కొంతకాలం గర్భం రాకుండా చేశాడు. బిళ్ల వెనకున్న ఆలోచన అక్కడ మొదలైంది. బిడ్డకు పాలిచ్చే తల్లికీ నెలసరి చాలాకాలం రాదు. వరసగా కాన్పులవుతూ, ఒక్కో బిడ్డకు రెండేసి ఏళ్లు పాలు ఇస్తూ బతికిన మన ముత్తవ్వలతో పోలిస్తే, జీవితంలో సుమారు నాలుగు వందల నెలసరులు చూసే ఈ కాలపు స్త్రీ శరీరమే కొత్తది. ప్రకృతిని సాక్ష్యానికి పిలిస్తే అది రెండు వైపులా మాట్లాడుతుంది.

మందు అదుపులోకి రానిదీ ఒకటుంది. ఆడపిల్ల పది, ఇరవై లక్షల అండకణాలతో పుడుతుంది. ఈడేరే నాటికి వాటిలో మూడు నాలుగు లక్షలే మిగులుతాయి. ఆ తరుగుదల బిళ్లలు వేసుకున్నా ఆగదు. అండం విడుదల కానంత మాత్రాన అండాలు పొదుపు కావు, మెనోపాజ్ వెనక్కి జరగదు. శరీరంలో మన మాట వినేదెంత, విననిదెంత అన్న ప్రశ్నకు నాకు తెలిసినంతలో ఇంతకంటే సూటి జవాబు లేదు.

అసలు అబద్ధం కావాలంటే నమ్మే మనిషి ఉండాలి. పిట్యూటరీ నమ్మదు, స్పందిస్తుంది అంతే. నమ్మేది బిళ్ల మింగే మనిషి. అందుకే తప్పొప్పుల లెక్క గ్రంథి దగ్గర కాక, ఆమె దగ్గర మొదలవుతుంది. అక్కడే మనం చాలాసార్లు తప్పాం.

ఐరన్ బిళ్లల వారంలో కనిపించే రక్తస్రావం సంగతే తీసుకోండి. అది నెలసరి కాదు. హార్మోను ఆగడంతో గర్భాశయ పొర ఊడి రావడం మాత్రమే. తొలినాళ్లలో బిళ్లను పరీక్షించిన వైద్యుడు జాన్ రాక్ నిష్ఠగల కాథలిక్కు. బిళ్ల సహజమైన పద్ధతి లాంటిదేనని, చర్చి ఒప్పుకుంటుందని ఆశపడ్డాడు. 1968లో పోప్ కాదన్నారు. నెలనెలా రక్తం కనిపించేలా పెట్టిన విరామం మాత్రం అట్టలో మిగిలిపోయింది. దానివల్ల ఆరోగ్యానికి ఒరిగేదేమీ లేదని బ్రిటన్‌లో నిపుణుల మార్గదర్శకాలు తేల్చి చెప్పింది 2019లో. మన ఊళ్లలో నెలసరి సరిగా రాని పీసీఓడీ సమస్య ఉన్న అమ్మాయికి ఇవే హార్మోన్లు రాస్తారు. నెలనెలా రక్తం కనబడగానే తల్లీకూతుళ్లిద్దరూ జబ్బు నయమైందనుకుంటారు. మందు ఆపాక సమస్య మళ్లీ వస్తే కుంగిపోతారు. ఆ మందుకు ప్రయోజనం లేదని నేననను. గర్భాశయ పొర అతిగా పెరగకుండా అది కాపాడుతుంది. ఆ మాట ఆ అమ్మాయికి చెప్పడానికి రెండు నిమిషాలు చాలవా?

ఇలా చెప్పకపోవడం కొత్త కాదు. 1956లో ప్యూర్టోరికోలోని రియో పియెద్రాస్‌లో పేద స్త్రీల మీద బిళ్లను పరీక్షించినప్పుడు, అది ఇంకా ప్రయోగ దశలో ఉందని వాళ్లకు చెప్పలేదు. నాటి బిళ్లలో హార్మోను నేటికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. 17 శాతం మందికి వికారం, తలతిప్పు, తలనొప్పి వచ్చాయని అక్కడి వైద్యురాలు ఎడ్రిస్ రైస్-రే నివేదించింది. ప్రయోగం నడిపించిన గ్రెగరీ పింకస్ వాటిలో చాలావరకు మనసు కల్పించుకున్నవేనని కొట్టిపారేశాడు. 1970లో అమెరికా సెనేట్ బిళ్ల ప్రమాదాల మీద విచారణ జరిపితే, మింగిన స్త్రీలలో ఒక్కరినీ సాక్ష్యానికి పిలవలేదేమని సభలోనే లేచి అడిగారు యువతులు. ఆ తర్వాతే అట్టతోపాటు సమాచార పత్రం వచ్చింది.

ఇది మన గడపలోనూ జరిగింది. 1985లో పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే గర్భనిరోధక హార్మోను ఇంజెక్షన్ ప్రయోగం జరుగుతోందని తెలిసి హైదరాబాద్ స్త్రీశక్తి సంఘటన కార్యకర్తలు అక్కడికి వెళ్లారు. అది ప్రయోగమన్న సంగతి అక్కడికొచ్చిన స్త్రీలకు తెలియదు. మరుసటి ఏడాది ఆ కార్యకర్తలు, ఇతర మహిళా సంఘాలతో కలిసి సుప్రీంకోర్టు మెట్లెక్కారు. ఆ కేంద్రానికొచ్చిన స్త్రీలు మందును కాదన్నారా, ఔనన్నారా అన్నది నాకు రెండో ప్రశ్న. తమ శరీరంలోకి ఏం వెళుతోందో తెలియకుండా ఎవరైనా దేనికైనా ఎలా ఒప్పుకోగలరు?

తెలిసి ఎంచుకునే వీలు నేటికీ తక్కువే. కుటుంబ నియంత్రణ అంటే ఇప్పటికీ ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ఆడవాళ్ల ఆపరేషనే. మగవాళ్ల ఆపరేషన్ చాలా అరుదు. పెళ్లికో వ్రతానికో తిరుమల ప్రయాణానికో నెలసరిని వాయిదా వేసే హార్మోను మాత్రలు మాత్రం మందుల షాపులో ఏ ప్రశ్నా లేకుండా దొరుకుతాయి.

ఈస్ట్రోజన్ ఉన్న బిళ్లలతో కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుంది. అది అరుదే అయినా, వచ్చిన మనిషికి అరుదు కాదు. అండాశయ క్యాన్సర్ ముప్పు తగ్గుతుందన్నదీ అంతే నిజం. రెండూ వినే హక్కు ఆమెకుంది. బిళ్ల రాసే ముందు బీపీ చూశారా? తలనొప్పికి ముందు కళ్లెదుట మెరుపులు కనిపించే మైగ్రేన్ ఉందా అని అడిగారా? ఇంట్లో ఎవరికైనా రక్తం గడ్డకట్టిందా అని ఆరా తీశారా? ఆపాక శరీరం ఎన్నాళ్లకు మామూలవుతుందో చెప్పారా? డాక్టర్లు అడగకపోతే మీరే అడగండి. అడిగితే విసుక్కునే చోట మాత్రం మందు రాయించుకోకండి.